కాంట్రాక్టు మనుషుల గేటు రిజిస్టరు: ఏం రాయించాలి, ఎవరి కంట పడకూడదు

విశాఖ చుట్టుపక్కల ఏ ప్లాంటు గేటు దగ్గర చూసినా తెల్లారేసరికి ఎ షిఫ్ట్ వాళ్ల లైను కనబడుతుంది. పర్మనెంట్ ఉద్యోగి కార్డు తాకించి లోపలికి వెళ్లిపోతాడు. కాంట్రాక్టు మనిషి మాత్రం చాలా చోట్ల ఇంకా రిజిస్టరు ముందు ఆగి పేరు, ఊరు, ఫోన్ నంబరు, కొన్ని చోట్ల ఆధార్ నంబరుతో సహా రాసి, సంతకం పెట్టి కదలాలి. ఆ పుస్తకం ఆ తర్వాత ఎవరి చేతుల్లో ఉంటుందో, ఎన్నాళ్లుంటుందో, ఎవరు ఫోటో తీసుకుంటారో అతనికి తెలీదు, అడిగితే చెప్పే నాథుడూ ఉండడు.

ఈ గైడ్ ముఖ్యంగా గేటు నడిపేవాళ్ల కోసం. ఆటోనగర్‌లో యాభై మందితో నడిచే చిన్న యూనిట్ అడ్మిన్, ఫార్మా కంపెనీ సేఫ్టీ ఆఫీసర్, సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజర్, మనుషుల్ని పంపే లేబర్ కాంట్రాక్టర్, వాళ్లని వెంట తీసుకొచ్చే మేస్త్రీ. పెద్ద ఖర్చేమీ లేదు, చాలావరకు ఈ వారంలోనే మొదలుపెట్టగలిగిన పనులే.

ముందే ఒక మాట: రిజిస్టరు తీసేయమని నేను అస్సలు అనను. 1997లో రిఫైనరీ పేలుళ్లు, 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా ఫార్మా పేలుడులో 17 మంది ప్రాణాలు పోవడం... ఇన్ని చూసిన ప్రాంతంలో, ఈ నిమిషంలో లోపల ఎవరెవరున్నారో తెలియడం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ప్రమాదం జరిగిన రోజు అందరికంటే ఆలస్యంగా లెక్క తేలేది కాంట్రాక్టు వాళ్లదే, ఎందుకంటే వాళ్లు ఈ రోజు ఈ షెడ్డులో ఉంటే రేపు ఇంకో షెడ్డులో ఉంటారు. కాబట్టి లెక్క పక్కాగా ఉండాలి. ఆ లెక్కకి మనిషి ఇంటి అడ్రసు, ఆధార్ నంబరు అక్కర్లేదు, నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే.

మొదట గళ్లు తగ్గించండి

మీ రిజిస్టరు ఇప్పుడే తెరిచి పై వరుసలో ఏమేం గళ్లున్నాయో చూడండి. చాలా చోట్ల అది ఎవరో ఎప్పుడో స్టేషనరీ షాపులో కొన్న విజిటర్ బుక్కు, అందులో అచ్చేసి ఉన్నవన్నీ నింపించడమే అలవాటైపోయింది. తండ్రి పేరు, వయసు, పూర్తి చిరునామా, ఫోన్, ఐడీ నంబరు, ఎవరిని కలవాలి, ఎందుకు. ఒక్కో గడి మీద వేలు పెట్టి "ఇది లేకపోతే ఏ పని ఆగిపోతుంది?" అని అడగండి. ఎవరూ జవాబు చెప్పలేని గడిని అడ్డంగా కొట్టేయండి.

గేటు పుస్తకంలో ఉండాల్సినవి నాకు తెలిసి ఇవే: పాస్ నంబరు, పేరు, ఏ కాంట్రాక్టర్ తరఫున, లోపల ఏ ఏరియాకి, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. అంతే. ఫోన్ నంబరు కావాలంటే కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ నంబరు ఒకటి చాలు, అదీ ఆఫీసులో ఉండే లిస్టులో. బ్లడ్ గ్రూపు ముఖ్యమే, కానీ అది మనిషి మెడలోని పాస్ మీద ఉంటే పనికొస్తుంది గానీ గేటు పుస్తకంలో ఉంటే దెబ్బ తగిలినప్పుడు వెళ్లి చూసేదెవరు? ఇంటి దగ్గర ఎవరికి కబురు చెప్పాలన్నది కూడా పాస్ అప్లికేషన్ ఫైల్లో ఉండాలి, గేటు టేబుల్ మీద కాదు.

దీనికోసం రికార్డుల్ని మూడుగా విడదీయండి. పాస్ ఇచ్చేటప్పుడు తీసుకునే కాగితాలు (ఐడీ కాపీ, పోలీస్ వెరిఫికేషన్, మెడికల్ ఫిట్‌నెస్, ఎత్తులో పని చేసేవాళ్లకి హైట్ పాస్) ఒక బీరువాలో, తాళంతో. రోజువారీ గేటు రికార్డు గేటు దగ్గర. ప్రమాదమప్పుడు చూసే లిస్టు కంట్రోల్ రూములో. ఈ మూడింటినీ కలిపేది పాస్ నంబరు ఒక్కటే. గేటు పుస్తకం పోయినా, ఎవడైనా ఫోటో తీసినా, వాడికి దొరికేది కొన్ని పేర్లు, నంబర్లు, టైములే. పేర్లు దొరకడం కూడా చిన్న విషయం కాదు గానీ, ఫోన్ నంబరు, ఊరు, ఆధార్ కలిసి ఒకే వరుసలో దొరకడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

టేబుల్ మీద తెరిచి ఉన్న పేజీ

రిజిస్టర్లు పోవడం అరుదు. అసలు నష్టం జరిగేది పుస్తకం టేబుల్ మీద తెరిచి ఉండగానే. పెన్నుకి దారం కట్టి ఉంటుంది, పేజీ లైనులో నిలబడ్డ మనిషి వైపు తిరిగి ఉంటుంది, తన వరుస రాయడానికి వంగినవాడికి పైనున్న పాతిక ముప్పై మంది పేర్లు, నంబర్లు తేటగా కనబడతాయి. ఫోను చేతిలోనే ఉంటుంది. గార్డు వెనక్కి తిరిగి లారీకి గేటు తీసేలోపు ఫోటో తీయడం అయిపోతుంది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో బి షిఫ్ట్ చేసేది. రిజిస్టరులో రాసిన నంబరుకి రాత్రి పదిన్నర దాటాక ఎవడో ఫోన్ చేసి "ఇప్పుడే కదా గేటు దాటావు, ఆటో దొరికిందా?" అని అడిగేవాడు. పేరు, నంబరు, బయటికొచ్చే టైము, మూడూ ఒకే వరుసలో దొరికాయి వాడికి. సూపర్‌వైజర్‌కి చెబితే "నంబరు మార్చుకోమ్మా" అన్నాడట. సిమ్ మార్చుకోవాల్సింది ఆ పిల్ల కాదు, పేజీ దాచాల్సింది ఆ గేటు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం, ఇలాంటి పేజీలు ఊరంతా తెరిచే ఉన్నాయి.

దీనికి సులువైన మార్గం పుస్తకాన్ని గార్డు వైపు తిప్పడం. గార్డే రాస్తాడు, మనిషి పాస్ చూపించి, రాసిన వరుసలో సంతకం పెడతాడు. సంతకం పెట్టేటప్పుడు మిగతా వరుసలు కనపడకుండా పాత కేలండరు అట్టని పేజీ సైజుకి కత్తిరించి, మధ్యలో ఒక్క వరుస పట్టేంత సందు కోసి పేజీ మీద పెట్టండి. గార్డు ఒక్కో మనిషికి అట్ట కిందికి జరుపుతాడు. చూడ్డానికి చిన్న ఏర్పాటు, కానీ ఫోటో తీసేవాడికి అట్ట తప్ప ఏమీ దొరకదు.

అయితే షట్‌డౌన్ పనులప్పుడు, అంటే ప్లాంటు ఆపి రిపేర్లు చేసే రోజుల్లో, ఒకేసారి రెండు మూడు వందల మంది వస్తే గార్డు ఒక్కొక్కరిదీ రాస్తూ కూర్చోలేడు, లైను రోడ్డు మీదకి వచ్చేస్తుంది, తోపులాటలో అట్ట ఎటో పోతుంది. అలాంటి చోట ముందు రోజు సాయంత్రమే కాంట్రాక్టర్ దగ్గర్నుంచి రేపు వచ్చేవాళ్ల లిస్టు, పాస్ నంబర్లతో తీసుకోండి. ఒక్కో కాంట్రాక్టర్‌కి ఒక్కో షీటు. పొద్దున గార్డు పాస్ చూసి టిక్కు పెట్టి టైము వేస్తే చాలు. ఒక కాంట్రాక్టర్ మనుషుల లిస్టు ఇంకో కాంట్రాక్టర్ కంట పడదు కూడా. మంచి వెల్డర్లని, రిగ్గర్లని రేటు పెంచి లాక్కుపోవడం ఇక్కడ మామూలే కదా, ఎవరి గ్యాంగులో ఎవరున్నారన్నది గేటు పుస్తకం చెప్పకూడదు. షీట్లకి ముందే సీరియల్ నంబర్లు వేయండి, షిఫ్ట్ మారేటప్పుడు దిగే గార్డు, ఎక్కే గార్డు ఇద్దరూ లెక్కపెట్టి సంతకం చేసి, అయిపోయినవి తాళం ఉన్న పెట్టెలో వేయాలి. ఒక షీటు మాయమైతే ఆ షిఫ్టులోనే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, గేటు గదిలో సీసీ కెమెరా ఎటు చూస్తోందో ఒకసారి తల ఎత్తి చూడండి. సరిగ్గా టేబుల్ పైనుంటే, జూమ్ చేసినవాడికి రిజిస్టరు మొత్తం రికార్డయి దొరుకుతుంది. మనిషి మొహం కనబడాలి గానీ పేజీ కాదు, కెమెరాని కొంచెం తిప్పితే సరిపోతుంది.

పాత టోకెన్ బోర్డు పద్ధతి

లోపల ఎంతమంది ఉన్నారో తెలియడానికి నాకు ఇప్పటికీ అన్నిటికంటే నచ్చేది టోకెన్ బోర్డు. గేటు లోపలి వైపు చెక్క బోర్డు మీద వరుసగా మేకులు, ఒక్కో మేకుకి నంబరున్న బిళ్ల. లోపలికెళ్లేవాడు తన నంబరు బిళ్ల తీసి జేబులో వేసుకుంటాడు. ఖాళీ మేకు ఉందంటే ఆ మనిషి లోపల ఉన్నట్టు. సైరన్ మోగితే అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్ దగ్గర అందరి బిళ్లలూ ఒక డబ్బాలో వేయించి బోర్డుతో సరిచూస్తే, ఏ నంబరు బయటికి రాలేదో వెంటనే తేలిపోతుంది. బోర్డు మీద ఎవరి పేరూ లేదు, దారిన పోయేవాడు చూసినా ఏమీ అర్థం కాదు. ఏ నంబరు ఎవరిదన్న లిస్టు సీల్ వేసిన కవర్లో షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గర ఒకటి, ఫైర్ కంట్రోల్ రూములో ఒకటి ఉండాలి. గేటే కాలిపోయినా, గేటు వైపే గ్యాస్ ఉన్నా, రెండో కాపీ చేతికందేలా. బిళ్ల జేబులో పెట్టుకుని ఇంటికెళ్లిపోయేవాళ్లు ఉంటారు, అందుకే బయటికెళ్లేటప్పుడు బిళ్ల మేకుకి తగిలించాకే గార్డు గేటు తీయాలి.

ట్యాబ్ ఉంది కదా ఇదంతా ఎందుకంటారేమో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టిన తర్వాత ఊళ్లో కరెంటు లేక, సిగ్నల్ లేక రోజుల తరబడి ఎలా గడిపామో గుర్తు తెచ్చుకోండి. తుపాను తీరంలో ఉన్న గేటుకి కరెంటు అక్కర్లేని లెక్క ఒకటి ఉండి తీరాలి.

ఆధార్ సంగతి

గేటు దగ్గర ఆధార్ చూడొచ్చు, కానీ అక్కడ రాసుకోకండి, జిరాక్స్ తీసి ఉంచుకోకండి. పాస్ ఇచ్చే రోజు ఒక్కసారి గుర్తింపు సరిచూసుకుంటే ఆ తర్వాత రోజూ పాస్ చాలు. ఐడీ కాపీ తప్పదనుకుంటే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో మైఆధార్ పేజీకి వెళ్లి, ఓటీపీతో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు మాస్క్‌డ్ అనే ఆప్షన్‌కి టిక్కు పెడితే 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనబడతాయి. ఫోటో, పేరు, క్యూఆర్ కోడు అన్నీ ఉంటాయి, కాబట్టి గుర్తింపుకి ఏ లోటూ లేదు. కార్డు నిజమైనదేనా అన్న అనుమానం ఉంటే క్యూఆర్ స్కాన్ చేసి చూడండి, జిరాక్స్ కంటే అదే గట్టి రుజువు. ఓటర్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు ఇస్తామంటే కాదనకండి.

మాస్క్ చేయని పూర్తి కార్డు జిరాక్సే కావాలని పట్టుబట్టే చోట్లున్నాయి. అలాంటప్పుడు కాపీ మీద అడ్డంగా "ఫలానా కంపెనీ గేట్ పాస్ కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇమ్మని మీ మనుషులకి చెప్పండి. ఆ కాగితం తర్వాత సిమ్ తీసుకోవడానికో లోన్‌కో వాడటం అంత తేలిక కాదు.

నేవల్ డాక్‌యార్డ్ లాంటి రక్షణ స్థలాల్లో, సీఐఎస్ఎఫ్ కాపలా ఉన్న ప్లాంట్లలో ఏ వివరాలు కావాలో వాళ్లే నిర్ణయిస్తారు, అక్కడ కాంట్రాక్టర్‌గా మీరు బేరం పెట్టలేరు, పెట్టకూడదు కూడా. అడిగినవి ఇవ్వండి. కానీ వాళ్లకి ఇచ్చే కాపీ వేరు, ఆ పేరు చెప్పి మీ ఆఫీసులో, మీ సూపర్‌వైజర్ ఫోన్లో మిగిలిపోయే కాపీలు వేరు. వాళ్ల గేటు లోపల ఎంత భద్రంగా ఉన్నా, మీ ఆఫీసులో అవే కాగితాలు గాలికి ఎగురుతుంటే ప్రయోజనం లేదు.

నిజానికి ఎక్కువ కారేది వాట్సాప్ గ్రూపులోంచే. కొత్త మనిషి చేరాడంటే మేస్త్రీ వాడి ఆధార్ రెండు వైపులా ఫోటో తీసి "గేట్ పాస్ గ్రూపు"లో పెడతాడు, గ్రూపులో ముప్పై మంది ఉంటారు, అందులో పని మానేసి వెళ్లిపోయినవాళ్లు పది మంది. అందరి ఫోన్ గ్యాలరీల్లోకీ ఆ ఫోటో దానంతటదే దిగుతుంది, అక్కడ్నుంచి బ్యాకప్‌లోకి. పాస్ వచ్చాక దాన్ని ఎవరూ తీసేయరు. ఇది మానేయండి. కాగితాలు పాస్ సెక్షన్‌లో నేరుగా ఇవ్వండి, లేదా ఆఫీసు మెయిల్‌కి ఒక్కరికే పంపండి. ఇప్పటికే ఉన్న గ్రూపులో ఫోటోలు ఒక్కొక్కరి చేతా ఎవరి ఫోన్లోంచి వాళ్ల చేత తీసేయించి, తర్వాత గ్రూపే మూసేయండి. మేస్త్రీల దగ్గర ప్లాస్టిక్ కవర్లో రబ్బర్ బ్యాండ్ వేసి పాతిక మంది ఒరిజినల్ కార్డులు ఉంటాయి, ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కుర్రాళ్లవి మరీను. వాళ్ల కార్డులు వాళ్ల దగ్గరే ఉండాలి. పాస్ పని అయిన రోజే తిరిగి ఇచ్చేయమనండి.

యాప్ పెట్టామండీ, ఇంక భయం లేదు అనేవాళ్లకి

యాప్ మంచిదే, సరిగ్గా పెడితే. గేటు ట్యాబ్ దగ్గర నిలబడి మీరే ఒకసారి సైన్ ఇన్ అయి చూడండి. పేరులో మొదటి అక్షరం కొట్టగానే అదే అక్షరంతో ఉన్న మిగతావాళ్ల పేర్లు, నంబర్లు కింద వరుసగా వస్తున్నాయా? వెళ్లేటప్పుడు "మీ పేరు మీద నొక్కండి" అంటూ లోపల ఉన్నవాళ్ల లిస్టంతా తెర మీద పరుస్తోందా? అలా అయితే పాత రిజిస్టరునే గాజు పలక మీద పెట్టినట్టు. రెండూ సెట్టింగుల్లో ఆపేయించి పాస్ నంబరు కొడితేనో, క్యూఆర్ చూపిస్తేనో పని అయ్యేలా చేయమనండి. యాప్ ఇచ్చినవాడు కుదరదంటే ఇంకో యాప్ చూసుకోండి.

మొత్తం లిస్టుని ఎక్సెల్‌లోకి దించుకునే బటన్ ఎవరెవరికి ఉందో చూడండి. ఇద్దరికి మించి అక్కర్లేదు. గార్డులందరికీ కలిపి ఒకే లాగిన్, పాస్‌వర్డు ట్యాబ్ వెనక స్టిక్కర్ మీద... ఇది మీ గేటు దగ్గర కూడా ఉంటే ఈ రోజే మార్చండి, ఎవరు చూశారో రేపు తెలుసుకోవాలంటే ఎవరి లాగిన్ వాళ్లకి ఉండాలి. గూగుల్ ఫామ్ వాడేవాళ్లు జవాబుల షీటు "లింకు ఉన్నవారెవరైనా" అని తెరిచి లేదని నిర్ధారించుకోండి.

మొహం, వేలిముద్రల మెషీన్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నాలుగు రోజుల పనికొచ్చే కాంట్రాక్టు మనిషి దగ్గర వేలిముద్ర తీసుకోవద్దు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేరు. పైగా సిమెంటు, గ్రైండింగ్ పని చేసేవాళ్ల వేళ్లు అరిగిపోయి మెషీన్ ఎలాగూ తీసుకోదు, పాపం పది సార్లు తుడిచి తుడిచి పెడుతుంటారు, వెనక లైను తిడుతుంటుంది. రక్షణ అవసరాల వల్ల తప్పనిసరైన చోట సరే, మిగతా చోట్ల ఫోటో ఉన్న కార్డు చాలు.

చట్టం ఏమంటోంది

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి 2017 ఆగస్టు 24న చెప్పింది. ఆ తర్వాత డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నుంచి మొదలవుతాయి. ఈ చట్టం కంప్యూటర్లో ఉన్న వివరాలకీ, కాగితం మీద రాసి తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించిన వాటికీ వర్తిస్తుంది. వట్టి కాగితం పుస్తకానికి వర్తించదు, కానీ నెలాఖరున బిల్లు కోసం రిజిస్టరు చూసి ఎక్సెల్‌లో కొట్టారా, వాట్సాప్‌లో ఫోటో పెట్టారా, దాని కిందకి వచ్చినట్టే. తగిన భద్రత లేక వివరాలు బయటికి పోతే జరిమానా రూ.250 కోట్ల వరకు వేయొచ్చు. చిన్న యూనిట్‌కి అంత పడుతుందని కాదు గానీ, "మా గార్డు తప్పు" అని తప్పించుకునే దారి ఇందులో లేదు, మీ తరఫున వివరాలు చూసే ఏజెన్సీ చేసే తప్పుకి కూడా బాధ్యత మీదే.

వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలన్నది ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి. గేటు దగ్గర ఇలాంటి బోర్డు పెట్టండి, పెద్ద అక్షరాల్లో:

"మీ పేరు, పాస్ నంబరు, వచ్చిన, వెళ్లిన టైము రాసుకుంటున్నాం. ప్రమాదం జరిగితే లోపల ఎవరున్నారో తెలుసుకోవడానికి, ఎవరు వచ్చారో తర్వాత సరిచూసుకోవడానికి మాత్రమే. సెక్యూరిటీ ఆఫీసు, సేఫ్టీ ఆఫీసు, ప్రమాదమప్పుడు రెస్క్యూ వాళ్లు, రాతపూర్వకంగా అడిగిన పోలీసులు తప్ప ఎవరికీ చూపించం. గడువు తీరాక చించేస్తాం. తప్పు రాసినా, అనుమానం ఉన్నా సెక్యూరిటీ ఆఫీసులో అడగండి."

కింద హిందీలో, ఒడియాలో కూడా రాయించండి. చదవలేనివాళ్లకి పని మొదలుపెట్టే ముందు జరిగే టూల్‌బాక్స్ టాక్‌లో రెండు నిమిషాలు నోటితో చెప్పండి.

ఎవరైనా వచ్చి అడిగితే

గేటు గార్డుని అడిగేవాళ్లు రోజూ ఉంటారు. లోన్ రికవరీ ఏజెంటు వచ్చి "తమ్ముడు, ఫలానా అతను ఏ షిఫ్టో చెప్పు, వాళ్ల అన్నయ్యని" అంటాడు. ఇంటి నుంచి గొడవ పడ్డవాళ్లు ఫోన్ చేస్తారు. ఇంకో కాంట్రాక్టర్ టీ తాగిస్తాడు. యూనియన్ నాయకుడు లిస్టు అడుగుతాడు. అందరికీ ఒకటే జవాబు నేర్పండి: "ఎవరున్నారో చెప్పం సార్, కబురేదైనా ఉంటే రాసివ్వండి, ఉంటే అందజేస్తాం." ఇంటి దగ్గర ఎవరికో సీరియస్ అయి ఫోన్ వస్తే కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది, కబురు వెంటనే షిఫ్ట్ ఇన్‌చార్జికి అందుతుంది, వివరాలు మాత్రం బయటికి పోవు. పది వేల జీతం గార్డు మీద ఈ ఒత్తిడంతా వదిలేయకండి, "ఆఫీసులో అడగండి" అని వేలు చూపించే హక్కు అతనికి రాతపూర్వకంగా ఇవ్వండి.

పోలీసులు అడిగితే ఇవ్వాలి, కానీ కాగితం మీద. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో 94వ సెక్షన్ కింద రికార్డు తెమ్మని రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చే వీలుంది. అది తీసుకుని, అడిగిన తేదీ షీట్లే కాపీ ఇచ్చి, ఏం ఇచ్చారో, ఎవరికిచ్చారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ప్రమాదం జరిగి ఎవరైనా లోపల చిక్కుకున్నప్పుడు మాత్రం రెస్క్యూ వాళ్లని కాగితం అడుగుతూ నిలబెట్టకండి, లిస్టు వెంటనే చేతిలో పెట్టండి, రాసుకోవడం తర్వాత.

పనివాళ్లకి చెప్పాల్సింది కూడా ఒకటుంది. గేట్ పాస్ మెడలో వేసుకుని సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టడం, రీల్ చేయడం మాన్పించండి. పేరు, ప్లాంటు, పాస్ నంబరు, బార్‌కోడు అన్నీ అందులో చదవొచ్చు. 2019 డిసెంబరులో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో నేవీ సిబ్బందిని అరెస్టు చేసిన గూఢచర్యం కేసు మన ఊరికి తెలిసిందే, అక్కడ వల వేసింది సోషల్ మీడియాలోనే. ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో తెలిస్తేనే ఎవరికి వల వేయాలో తెలుస్తుంది. కాంట్రాక్టు మనిషికి రహస్యాలేవీ తెలియకపోవచ్చు, కానీ అతను ఏ గేటులోంచి ఏ టైముకి ఏ బెర్తుకి వెళ్తాడన్నదే కొందరికి చాలు.

ఎన్నాళ్లు ఉంచాలి, ఎలా పారేయాలి

ముందు గేటు రికార్డునీ మస్టర్‌నీ (హాజరు పట్టీని) కలపకండి. మస్టర్ రోల్, వేతనాల రిజిస్టరు, పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలకి కార్మిక చట్టాల్లో వేరే గడువులున్నాయి, వాటిని ఉంచాల్సిందే, రేపు కూలి బాకీ గొడవ వస్తే పనివాడికి రుజువు కూడా అదే. గేటు షీట్లు అన్నేళ్లు అక్కర్లేదు. కొత్త రూల్స్‌లో కంప్యూటర్ రికార్డులకి కనీసం ఏడాది అన్న లెక్క ఉంది కాబట్టి కాగితానికి కూడా ఏడాదే పెట్టుకుంటే గందరగోళం ఉండదు. ప్రతి కట్ట మీద "ఫలానా నెల తర్వాత చించేయాలి" అని అప్పుడే మార్కర్‌తో రాయండి. ప్రమాదం, దొంగతనం, కేసు ఉన్న రోజుల షీట్లు మాత్రం పక్కన తీసి సీల్ వేసి, విచారణ పూర్తయ్యేదాకా ముట్టుకోకండి.

చాలా ఆఫీసుల్లో పాత రిజిస్టర్లు దసరాకి గది శుభ్రం చేసినప్పుడు పాత పేపర్ల కొట్టుకి కిలోల లెక్కన వెళ్లిపోతాయి. అక్కడ్నుంచి పేజీలు ఏ బండి మీద పొట్లాలవుతాయో ఎవరికి తెలుసు. ష్రెడ్డర్ రెండు మూడు వేలకి దొరుకుతుంది, లేదంటే డ్రమ్ములో నీళ్లు పోసి నానబెట్టి ముద్ద చేసేయండి. మంటపట్టే సాల్వెంట్లు ఉండే యూనిట్లలో కాగితాలు కాల్చడం మాత్రం వద్దే వద్దు.

ఇంత చేసినా ఎప్పుడో సూపర్‌వైజర్ ఫోన్ ఆటోలో పోతుంది, అందులో లిస్టు ఉంటుంది. దాచిపెట్టకుండా ఆ రోజే చెప్పమని ముందునుంచే భరోసా ఇవ్వండి, చెప్పినందుకు తిట్టకండి. సిమ్ బ్లాక్ చేయించి, మెయిల్, వాట్సాప్ లాగౌట్ చేయించి, ఆ లిస్టులో ఉన్న ప్రతి మనిషికీ, పని ఇచ్చిన కంపెనీకీ చెప్పండి. సిస్టమ్ హ్యాక్ అయిందంటే సైబర్ దాడుల్ని చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లోగా తెలియజేయాలని 2022 నుంచే ఆదేశం ఉంది. ఎవరికైనా డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఆధార్ కాపీ బయటికి పోయినవాళ్ల చేత మైఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టించండి, ఫోన్ వాడటం రానివాళ్లకి మీ ఆఫీసు కుర్రాడు పక్కన కూర్చుని చేసిపెట్టాలి.

కాంట్రాక్టు ముగిసిన రోజున పాసులు వెనక్కి తీసుకోవడం అందరూ చేస్తారు. ఆ రోజే ఆ మనుషుల లాగిన్లు, క్యూఆర్‌లు ఆపేసి, బీరువాలోని ఐడీ కాపీలు ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఊరెళ్లిపోయి రానివాళ్లవి ఇద్దరి ఎదుట చించి, తేదీ వేసి రాసుకోండి.